ఐత్వం దగ్గర ఆగిన సంతకం



ఈ సభ హైదరాబాద్‌లో కాదు, ములకలపల్లిలో పెట్టాలని నేను పట్టుబట్టినప్పుడు ముఖం చిట్లించినవాళ్లు ఇప్పుడు ముందు వరుసలోనే ఉన్నారు. సిగ్నల్ కోసం ఫోన్లు పైకెత్తి తిప్పుతున్నారు. తిప్పండి. నెట్ లేనిచోట కూడా ధ్రువపత్రం అసలుదో కాదో తేలాలన్నదే కదా మన వాదం!

వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ త్రీ సీ 2019లో తెచ్చిన డిజిటల్ ధ్రువపత్రాల ప్రమాణం గురించి, 2025 మేలో వచ్చిన దాని రెండో కూర్పు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆ పనికి పునాది పడింది రుసుము లేకుండా ఎవరైనా చేరగల కమ్యూనిటీ గ్రూపులో. చేరిన మనవాళ్లు తెలుగు పేర్ల గురించి ఎన్నిసార్లు నోరు విప్పారన్నదే నా తగువు.

ఈ ప్రమాణం అవసరం ఇక్కడే కనిపిస్తుంది. మన పొరుగున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అడవి ఒకటే, కోయల చుట్టరికాలు ఒకటే. సర్టిఫికెట్ సరిచూసే సర్వర్లు మాత్రం రెండయ్యాయి. అవతలి కుల ధ్రువపత్రాన్ని ఇవతలి గుమస్తా నమ్మాలంటే అవతలి వెబ్‌సైట్ పలకాలి. డిజిటల్ సంతకం పత్రంలోనే ఉండి, దాన్ని సరిచూసే కీ అందరి దగ్గరా ఉంటే ఈ అవస్థ లేదు. దీనికి బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు. ప్రతి సభలోనూ ఆ పూనకం వచ్చే మిత్రులు ప్రమాణాన్ని ఇంకోసారి చదువుకుంటే మంచిది.

సంతకం ఒక్కటే చాలదని కోవిడ్ టీకాల పోర్టల్ కోవిన్ చూపించింది. 2021లో మన టీకా పత్రాలు ఈ ప్రమాణం ప్రకారమే వెలువడ్డాయి. అయినా బ్రిటన్ పేచీ పెట్టింది. పుట్టిన తేదీ పూర్తిగా లేదన్నది అందులో ఒకటి. తర్వాత ఆ గడి చేర్చారు.

ఇక నా పాత పాట. విసుక్కోకండి. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వానికి కింద ఐత్వపు గుర్తు తగిలించి రెండు సంకేతాలుగా. రెండూ సమానమేనని యూనికోడే అంటుంది. తెరమీద శైలజ అన్న పేరు ఎలా రాసినా శైలజే. కానీ సంతకానికి అక్షరంతో పనిలేదు, బైట్లతోనే పని. సంతకమయ్యాక దారిలో ఏ సాఫ్ట్‌వేరో ఒక రూపాన్ని రెండోదిగా మార్చిందా, శైలజ పత్రం చెల్లదంటుంది యంత్రం. సంతకానికి ముందు డేటాను ఒకే రూపంలోకి తెచ్చే ఆర్‌ఎఫ్‌సీ 8785 పద్ధతి కూడా ఈ తేడాను సరిచేయదు, అక్షరాలను వచ్చినవి వచ్చినట్టే ఉంచమంటుంది. బడి సర్టిఫికెట్‌లో ఒక శైలజ, కుల ధ్రువపత్రంలో ఇంకో శైలజ ఉంటే రెండు పేర్లూ కలవవు. పిల్ల మాత్రం ఒక్కతే!

"అరుదైన సంగతి" అని పోయిన సభలో ఒక పెద్దాయన కొట్టిపారేశారు. ఎవరో చెప్పను. ఆయన పేరులో ఐత్వం లేదు.

యూనికోడ్‌కు ముందు, ఒక ఫాంటులో కొట్టిన కథ ఇంకో ఫాంటులో చీమలబారైన రోజుల్లోనూ ఇలాంటి మాటే విన్నాను: అది ఫాంటు గొడవ, ప్రమాణం గొడవ కాదు అని. ఆనాటి డీటీపీ ఫైళ్లలో ఎన్ని ఇవాళ తెరుచుకుంటున్నాయో సంపాదకుల్ని అడగండి.

ఈ ప్రమాణం సరిగ్గా అమలైందో లేదో చూసే పరీక్షల కట్టలు (టెస్ట్ సూట్లు) ఉన్నాయి. వాటిలోకి తెలుగు పేర్లు, కోయ ఇంటిపేర్లు, ఈ ఏజెన్సీ ఊళ్ల పేర్లు ఎక్కాలి. వ్యాసం రాయడానికి పనికిరాని, పదోన్నతి తేని పని. కుర్రవాళ్లు అందుకే దగ్గరికి రారు. మధ్యాహ్నం తీర్మానాల్లో దీన్ని మొదటిదిగా పెట్టమని కార్యదర్శిగారిని అడిగాను. ఆయన ఏడోదిగా వేశారు. దాన్ని పైకి జరిపాకే భోజనాలకు లేద్దాం.