"మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" ఇంటర్వ్యూలో ఈ మాటకి "నో సర్" అనకండి

 

ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలకి సమాధానాలు ఎలా చెప్పాలో అందరూ చెప్తారు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" మీదే ఫోన్‌లో వందల వీడియోలు దొరుకుతాయి. ఈరోజు దానికి రివర్స్‌లో మాట్లాడుకుందాం. మనం వాళ్ళని ఏం అడగాలి? ఎప్పుడు అడగాలి? అడగకపోతే ఏమవుతుంది?

ఏమవుతుందో ముందు చెప్తాను. ఎందుకంటే అది నాకే జరిగింది.

నేను బీటెక్ అయ్యాక ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చాను. అమీర్‌పేటలో హాస్టల్, పొద్దున కోర్సు, మధ్యాహ్నం నుంచి ఇంటర్వ్యూలు. ఎనిమిది నెలల్లో పదకొండు ఇంటర్వ్యూలు పోయాయి. పన్నెండో దానికి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్‌లో ఒకటే చెప్పింది. "అడిగినదానికి సమాధానం చెప్పు నాన్నా, ఎదురు మాట్లాడకు." నేను అలాగే చేశాను. చివర్లో ఆయన "ఎనీ క్వశ్చన్స్ ఫర్ అస్?" అని అడిగారు. నేను వెంటనే "నో సర్, థాంక్యూ సర్" అన్నాను. ఉద్యోగం వచ్చేసింది. హాస్టల్లో అందరికీ బిర్యానీ కూడా పెట్టాను.

జాయినింగ్ రోజు ఒక ఫైలు ముందు పెట్టి సంతకాలు పెట్టమన్నారు. అందులో రెండేళ్ళ బాండ్ ఉంది. మధ్యలో మానేస్తే లక్ష రూపాయలు కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అన్నీ ఇచ్చేయమన్నారు. పక్కనున్న నలుగురూ ఇస్తున్నారు, నేనూ ఇచ్చేశాను.

పధ్నాలుగు నెలల తర్వాత, అంతకుముందు రాసిన ఒక ప్రభుత్వ ఉద్యోగం పరీక్షలో నా నంబరు వచ్చింది. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్‌తో రావాలి. కంపెనీలో అడిగితే లక్ష కట్టి తీసుకెళ్ళమన్నారు. నాన్న అప్పు తెస్తానని నలుగురి చుట్టూ తిరిగారు. డబ్బు చేతికొచ్చేసరికి వెరిఫికేషన్ రోజు దాటిపోయింది. ఇప్పటికీ నాన్న మా ఇంట్లో ఆ మాట ఎత్తరు. ఎత్తకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

ఆ రోజు ఇంటర్వ్యూలో "సర్, బాండ్ ఏమైనా ఉందా? ఒరిజినల్స్ మీ దగ్గర పెట్టుకుంటారా?" అని రెండు ముక్కలు అడిగి ఉంటే? బహుశా అప్పటికీ చేరేవాడినేమో, నాకు అంత అవసరం ఉంది. కానీ తెలిసి చేరేవాడిని. ఆ పరీక్ష రాశానన్న విషయం ముందే చెప్పేవాడిని. నాన్న ఒక లక్ష పక్కన పెట్టేవారు.

మనకి "అడగందే అమ్మైనా పెట్టదు" అని సామెత ఉంది. అయినా ఇంటర్వ్యూలో అడగడమంటే మనకి భయం. ఎదురు ప్రశ్న వేస్తే పొగరు అనుకుంటారేమో అని. ఒక్కసారి ఆలోచించండి. రూమ్ అద్దెకి తీసుకునేటప్పుడు ఎన్ని అడుగుతాం? నీళ్ళు ఎప్పుడొస్తాయి, కరెంటు బిల్లు సెపరేటా, అడ్వాన్స్ ఎన్ని నెలలు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు. రాత్రి పడుకోవడానికి వెళ్ళే రూమ్ గురించి అన్ని అడిగి, పగలంతా పనిచేసే చోటు గురించి ఒక్కటీ అడగం.

సరే, ఇప్పుడు ప్రశ్నల్లోకి వెళ్దాం. వీటిని రెండు భాగాలుగా గుర్తుపెట్టుకోండి. పని గురించిన ప్రశ్నలు మేనేజర్‌ని లేదా టెక్నికల్ రౌండ్ చేసేవాళ్ళని అడగాలి. డబ్బు, కాగితాల గురించి హెచ్‌ఆర్‌ని అడగాలి. ఇది తారుమారు చేస్తేనే ఇబ్బంది. టెక్నికల్ రౌండ్‌లో కూర్చుని సెలవులు ఎన్ని అని అడిగితే, పని మీద శ్రద్ధ లేదనుకుంటారు.

మొదట మేనేజర్‌ని అడగాల్సినవి.

ఒకటి. "సర్, నేను చేరితే మొదటి మూడు నెలలు నేను ఏం పని చేయాల్సి ఉంటుంది?" జాబ్ పోస్టింగ్‌లో డెవలపర్ అని ఉంటుంది, చేరాక రోజంతా ఫోన్లు ఎత్తే సపోర్ట్ పని ఇస్తారు. ఈ ప్రశ్నకి స్పష్టంగా ఒక ప్రాజెక్టు, ఒక టీమ్ పేరు చెప్పగలిగితే మంచి సంకేతం. "అన్నీ చేయాలి, ఫ్లెక్సిబుల్‌గా ఉండాలి" అని తేల్చేస్తే, "అన్నీ అంటే ఉదాహరణకి ఏంటి సర్?" అని మర్యాదగా ఇంకోసారి అడగండి.

రెండు. "ఈ పోస్టు కొత్తగా పెట్టిందా, లేక ఎవరైనా మానేస్తే ఖాళీ అయ్యిందా?" ఇది చిన్న ప్రశ్నే, కానీ చాలా బయటపెడుతుంది. ఇప్పుడు నేను కూడా మా టీమ్‌కి ఇంటర్వ్యూలు చేస్తున్నాను. పోయిన ఏడాది నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇదే అడిగింది. నేను ఒక నిమిషం ఆగాను. ఎందుకంటే ఆ పోస్టులో ఏడాదిలో ఇద్దరు మానేశారు, శని ఆదివారాలు కూడా పని పడుతోందని. నిజమే చెప్పాను. ఆ అమ్మాయి "అయితే నెలలో ఎన్ని వారాలు అలా ఉంటుంది సర్?" అంది. రెండు అన్నాను. ఒక రోజు టైమ్ తీసుకుని చేరింది. ఇప్పటికీ ఉంది. తెలిసి వచ్చింది కాబట్టి ఉంది. ఆ రోజు వచ్చిన ఆరుగురిలో నాకు గుర్తున్నది ఆ అమ్మాయే.

మూడు. "నా పని బాగుందా లేదా అన్నది ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు?" ప్రొబేషన్ తర్వాత కన్ఫర్మ్ చేసేది, జీతం పెంచేది దీన్ని బట్టే.

నాలుగు. "ట్రైనింగ్ ఉంటుందా? కొత్తవాళ్ళకి డౌట్ వస్తే ఎవరిని అడగాలి?" ఫ్రెషర్స్ ఇది తప్పకుండా అడగండి. దీనివల్ల నేర్చుకునే ఉద్దేశం ఉందని వాళ్ళకీ అర్థమవుతుంది.

ఐదు. షిఫ్ట్, లొకేషన్, వీక్ ఆఫ్. "ఆఫీసు ఇదేనా, లేక వేరే చోటికి పంపిస్తారా? నైట్ షిఫ్ట్ ఉందా? ఉంటే క్యాబ్ ఇంటిదాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తారా?" అమ్మాయిలే కాదు, ఎవరైనా అడగాల్సిందే.

ఇంగ్లీషులో అడగాలంటే భయపడొద్దు. "సర్, వాట్ విల్ బి మై వర్క్ ఇన్ ద ఫస్ట్ త్రీ మంత్స్?" ఇంతే. గ్రామర్ కంటే విషయం ముఖ్యం.

ఇక హెచ్‌ఆర్ రౌండ్. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఒక మాట దగ్గర. సీటీసీ.

"ప్యాకేజ్ 3.6 లక్షలు" అంటారు. పన్నెండుతో భాగించి నెలకి 30 వేలు అని ఇంట్లో చెప్పేస్తాం. లెక్క చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే, ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. బేసిక్ 15 వేలు అనుకోండి. కంపెనీ తరఫు పీఎఫ్ 12 శాతం, నెలకి 1,800, ఏడాదికి 21,600. అది సీటీసీలోనే కలుపుతారు. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం చూపిస్తారు, ఏడాదికి సుమారు 8,650. ఇన్సూరెన్స్ 6,000 అనుకుందాం. వేరియబుల్ పే 36,000, అది ఏడాది చివర్లో వస్తే వచ్చినట్టు. ఇవన్నీ తీసేస్తే నెలకి 24 వేలు మిగులుతాయి. అందులో మళ్ళీ మన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి. చేతికొచ్చేది 22 వేలు. 30 ఎక్కడ, 22 ఎక్కడ?

పీఎఫ్ మన డబ్బే, పోయిందని కాదు. కానీ హాస్టల్ ఫీజు, ఇంటికి పంపేది, ఈఎంఐ అన్నీ 22 లోంచే కట్టాలి. కాబట్టి "మేడమ్, ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత? నెలకి ఇన్‌హ్యాండ్ ఎంత వస్తుంది?" అని అడగండి. బ్రేకప్ మెయిల్‌లో పంపమనండి.

తర్వాత, "పీఎఫ్ మొదటి నెల నుంచే కడతారా? ప్రొబేషన్ ఎన్ని నెలలు? అప్పుడూ ఇదే జీతమా? నోటీస్ పీరియడ్ ఎంత?" నోటీస్ 90 రోజులు అంటే రేపు మంచి ఆఫర్ వచ్చినా మూడు నెలలు ఆగాలి. కొన్ని కంపెనీలు అంతకాలం ఆగవు.

చివరిగా నా ప్రశ్న. "బాండ్ ఉందా? ఎన్నేళ్ళు? ఎంత? ఒరిజినల్స్ చూసి తిరిగి ఇస్తారా, దగ్గర పెట్టుకుంటారా?" కొంతమంది "బాండ్‌లు కోర్టులో నిలబడవు బ్రో, సంతకం పెట్టేయ్" అంటారు. నమ్మకండి. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళు పూర్తి కాకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రతి బాండ్‌కీ అదే జరుగుతుందని కాదు, కానీ ఏదీ నిలబడదు అనుకోవడం తప్పు. సంతకం పెట్టేముందు చదవండి. ఒక రోజు టైమ్ అడగండి. ఒరిజినల్స్ మాత్రం చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. తప్పక ఇవ్వాల్సి వస్తే, ఏమేం తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇస్తారో రాసిన కాగితం స్టాంపుతో తీసుకోండి.

ఇంకొకటి. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, డిపాజిట్, పేరేదైనా సరే, ఉద్యోగం కోసం డబ్బు కట్టమన్నారా, అక్కడ ఇంక ప్రశ్నలేమీ వద్దు. లేచి వచ్చేయండి.

అడగకూడనివి కూడా రెండు చెప్తాను. "మీ కంపెనీ ఏం చేస్తుంది?" అని అడగొద్దు, అది ముందే వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళాలి. అలాగే పోలీసు ఎంక్వైరీలాగా పదిహేను ప్రశ్నలు వేయొద్దు. మేనేజర్‌ని రెండు మూడు చాలు. ఆయన మాట్లాడేటప్పుడే వచ్చేసిన సమాధానం మళ్ళీ అడిగితే, వినలేదని తెలిసిపోతుంది. డబ్బు, కాగితాల ప్రశ్నలు హెచ్‌ఆర్‌ని అడగండి, కుదరకపోతే ఆఫర్ వచ్చాక మెయిల్‌లో అడగండి. మెయిల్ అయితే జవాబు రాతలో ఉంటుంది, ఇంకా మంచిది. నోటితో చెప్పింది ఆఫర్ లెటర్‌లో లేకపోతే, అది లేనట్టే లెక్క.

"అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అన్నా?" అని చాలామంది అంటుంటారు. మర్యాదగా అడిగినందుకు నేనైతే ఇప్పటిదాకా ఎవరినీ తీసేయలేదు. ఎవరైనా తీసేశారంటే, లోపల ఏదో దాస్తున్నారేమో చూసుకోండి. మీకు ఉద్యోగం చాలా అవసరం కావచ్చు. బాండ్ ఉన్నా, నైట్ షిఫ్ట్ ఉన్నా చేరాల్సి రావచ్చు. చేరండి, తప్పులేదు. కానీ ఎందులో చేరుతున్నారో తెలిసి చేరండి.

రేపు ఇంటర్వ్యూ ఉన్నవాళ్ళు ఇప్పుడే ఫోన్‌లో నోట్స్ తెరిచి మూడు ప్రశ్నలు రాసుకోండి. రెండు పని గురించి, ఒకటి కాగితాల గురించి. లోపలికి వెళ్ళేముందు ఒకసారి చదువుకోండి. ఆయన "ఎనీ క్వశ్చన్స్?" అనగానే చిన్నగా నవ్వి, "ఎస్ సర్" అనండి.

మా అమ్మ మొన్న మా తమ్ముడిని ఇంటర్వ్యూకి పంపిస్తూ ఏమందో తెలుసా? "అడిగినదానికి సమాధానం చెప్పు. అడగాల్సింది అడిగి రా."

మళ్ళీ కలుద్దాం ఫ్రెండ్స్. ఆల్ ది బెస్ట్.