పొరుగు సంఘపు పుస్తకం చదువుదామా?
(రేడియో సందేశము)

మీ బైబిలులో లూకా సువార్త 10వ అధ్యాయం మొదటి వచనం తెరవండి. ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపిన సంగతి అక్కడ ఉన్నది.

ఆ ‘ఇద్దరిద్దరు’ అన్న మాట నన్ను సిగ్గుపరచింది. ఎలాగో చెప్తాను.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉద్దానం ప్రాంతంవాడు. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి మన జిల్లావాళ్లకు నేను చెప్పనక్కరలేదు. కొడుకులు పనికోసం చెన్నై వెళ్లిపోయారు. ఈయన వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద ఉండాలి. నేను ఒకరోజు బత్తాయిపండ్లు పట్టుకుని వెళ్లి, ప్రార్థన చేసి, పది నిమిషాల్లో బస్సుకని లేచిపోయాను. ఆ పండ్లు ఆయన తినకూడదట. నర్సమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

మరుసటి నెల వెళితే ఇద్దరు స్త్రీలు ఆయన పక్కన కూర్చుని ఉన్నారు. ఆర్.సి.ఎం. వారు. ప్రతి వారం వస్తున్నారట. వాళ్లు వెళ్లాక ఆయన నాతో, “అయ్యగారూ, ఆళ్లు పళ్లు తేనేదు గానీ, గడియారం సూడనేదు” అన్నాడు. నేనేమి జవాబు చెప్పగలను?

ఆ స్త్రీలు లీజియన్ ఆఫ్ మేరీ అనే సమాజపు సభ్యులు. మరియదళం అంటారు. వాళ్లకొక హ్యాండ్‌బుక్ ఉంటుంది. అడిగి తెచ్చుకుని చదివాను. “అయ్యగారు అటు కలిసిపోతున్నారా?” అని మీరు కంగారు పడవద్దు. మరియమ్మగారిని గూర్చి ఆ పుస్తకం చెప్పే చాలా సంగతులు నేను ఒప్పుకోలేను. 1 తిమోతి 2:5 ప్రకారం మధ్యవర్తి ఒక్కడే అని సెమినరీలో నేర్చుకున్నాను, నేటికీ అదే బోధిస్తున్నాను. అయితే అపొల్లో లేఖనములయందు ప్రవీణుడైయుండి కూడా డేరాలు కుట్టుకునే అకుల ప్రిస్కిల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు గదా.

ఈ సమాజం 1921 సెప్టెంబరు 7న ఐర్లండులోని డబ్లిన్ పట్టణంలో మొదలైంది. మొదలుపెట్టిన ఫ్రాంక్ డఫ్ ఫాదరు కాదు, ప్రభుత్వోద్యోగి. హ్యాండ్‌బుక్ వ్రాసినదీ ఆయనే. వాళ్లు చేసిన మొదటి పని పేదల ఆసుపత్రిలో రోగులను చూడబోవడం, అదీ ఇద్దరిద్దరుగా!

ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్నది దాని క్రమము. ప్రతి వారం కూటానికి వేళకు రావాలి. అప్పగించిన పని చేయాలి. ఏమి చేశారో కూటంలో అందరికీ వినబడేలా చెప్పాలి. ఆ పుస్తకాన్నే కూటాల్లో మళ్లీ మళ్లీ చదివి నేర్చుకోవాలి. మన దగ్గరో? “రోగులను దర్శించండి” అని ప్రసంగిస్తాము, “ఆమేన్” అంటారు, ఎవరు ఎవరింటికి వెళ్లాలో మాత్రం ఎవరికీ తెలియదు. 1742లో బ్రిస్టల్‌లో వెస్లీ అనుచరులు పన్నెండేసిమంది గుంపులుగా ఏర్పడి ఒకరినొకరు వారంవారం విచారించుకున్నారు. మనవాళ్లకూ ఇది తెలిసిన సంగతే, విడిచిపెట్టాము.

ఒక నియమం దగ్గర ఆగిపోయాను. సభ్యులు డబ్బుగాని వస్తువుగాని, ఎంత కొంచెమైనా, ఇవ్వకూడదట. యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదివినవాడు దీన్ని ఎలా ఒప్పుకుంటాడు? ఆకలితో ఉన్నవానికి మాటలు చాలవు కదా! ఆ అవసరాన్ని సహాయం చేసే వేరే వారికి తెలియజేయమంటుంది పుస్తకం. నాకు ఇప్పటికీ పూర్తిగా సమ్మతం కాలేదు. కాని ఒకటి గ్రహించాను. నా బత్తాయిపండ్లు ఆయన కోసం కాదు, నేను త్వరగా లేచిపోవడానికి.

ఇంకొకటి. దర్శించిన ఇంట్లో విన్న సంగతులు బయట చెప్పకూడదని ఆ పుస్తకం గట్టిగా ఆజ్ఞాపిస్తుంది. ప్రియులారా, మన ‘ప్రార్థన విషయాలు’ ఆదివారం మధ్యాహ్నానికల్లా కుళాయి దగ్గరకు చేరుతున్నాయా లేదా? ఒక సహోదరి తన కుమార్తె సంసారం విషయం ప్రార్థనకు చెప్పుకుని, ఆ తరువాత మందిరానికి రావడమే మానేసింది. ఆమె యింటికి వెళ్లి నేను క్షమాపణ అడిగాను. ఇంకా రాలేదు.

గత నెలలో మా సంఘంలో నాలుగు జతలను ఏర్పరచి ఒక నోటుపుస్తకం పెట్టాము. మొదటి వారం ఒక్క జత వెళ్లింది, మూడు జతలకు తీరిక లేదు. ఆ మూడింటిలో నేనున్న జత కూడా ఒకటి. రెండవ వారం నేను డయాలసిస్ దగ్గర నాలుగు గంటలూ కూర్చున్నాను. పెద్దాయన మూడు గంటలు నిద్రపోయాడు.

ఆయన కొరకు, మందిరానికి రాని ఆ సహోదరి కొరకు, పేరు తెలియని ఆ ఇద్దరు స్త్రీల కొరకు మీరున్న చోటనే తలలు వంచి నాతోకూడ ప్రార్థించండి.