జ్వరం వస్తే ఒళ్లు ఎందుకు తగ్గిపోతుంది?

(కణేకల్‌లో మహిళలకు చెప్పిన ఆరోగ్య ప్రసంగం)



జ్వరం పట్టిన పిల్లను చూడండి. వారం తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోతాయి. ఎముకలు తేలతాయి. అన్నం తినలేదు, అందుకే చిక్కింది అంటాం. అది సగం నిజమే.

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. అవి ఒంటికి కావలివాళ్లు. రోగ క్రిములు చొరబడగానే అవి ఒళ్లంతా కబురు పంపుతాయి. ఆ కబురు మెదడుకు చేరితే ఒళ్లు కాలుతుంది, ఆకలి చచ్చిపోతుంది. కండకు చేరితే కండ కరుగుతుంది. ఎందుకు? కొట్లాడే కావలివాళ్లకు తిండి కావాలి గదా! జ్వరం ఒక డిగ్రీ సెంటీగ్రేడ్ పెరిగితే ఒంటి ఖర్చు నూటికి 10 పాళ్లకు పైగా పెరుగుతుంది. పొయ్యిలోకి కట్టెలు లేకపోతే ఇంటి వాసాలు పీకి పెట్టినట్టు, ఒళ్లు తన కండనే కాల్చుకుంటుంది.

నాలుగు రోజుల జ్వరమైతే కోలుకుంటాం. టీబీ అయితే నెలల తరబడి ఇదే వరస. మన పెద్దలు దాన్ని క్షయ అన్నారు. క్షయ అంటే తరిగిపోవడం. సరైన పేరే పెట్టారు.

1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీ ఆసుపత్రి పెట్టారు. అప్పట్లో ఆ రోగానికి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇదే వైద్యం. ఇప్పుడు మందులున్నాయి. అయినా తిండి పని తిండిదే. జార్ఖండ్‌లో డాక్టర్లు టీబీ రోగి ఇంట్లో మిగతావాళ్లకు కూడా నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం నూటికి 39 పాళ్లు తగ్గింది. ఈ సంగతి 2023లో బయటికొచ్చింది. కడుపు నిండితే కావలివాళ్లకు బలం వస్తాది.

మనమేమో లంఖణం పరమౌషధం అంటాం. జ్వరమొచ్చిన బిడ్డకు గంజి కూడా పోయని ఇళ్లున్నాయి. అందరికీ పెట్టి, మిగిలింది తినే ఆడమనిషికి జ్వరమొస్తే అడిగేవాళ్లే ఉండరు. ఇది నాకు కోపం తెప్పించే మాట.

రాగిజావ, పెసరకట్టు, గుడ్డు పెట్టండి. ఒక్కసారే తినలేకపోతే కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. చంటిబిడ్డకు చనుబాలు మానొద్దు. శెనక్కాయలు మన చేలో పండేవే. అన్నీ అమ్మేయకుండా ఇంటికి కొన్ని ఉంచుకోండి.

రెండు వారాలు దగ్గు తగ్గలేదా? ఒళ్లు తగ్గుతోందా? ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. టీబీకి పరీక్ష, మందులు ఉచితం. రోగి తిండికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. పాసుబుక్కు చదవడం ఇప్పుడు మీకు వచ్చు. పడిందో లేదో మీరే చూసుకోండి.