తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు



ఈ రోజు పటిక గురించి చెప్పుకుందాం.

ధవళేశ్వరంలో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. గోదారి నీళ్లు కాలువల్లో మన ఊళ్లకి వచ్చాయి. ఆ నీళ్లతో పొలాలు తడుపుతాం. మంచినీళ్ల చెరువులు నింపుతాం. కాని వరదల కాలంలో ఆ నీళ్లు ఎర్రగా, బురదగా ఉంటాయి. అప్పుడు బిందెలో పటిక తిప్పుతాం. నీళ్లు తేటపడతాయి. ఎలాగ?

ఒండ్రుమట్టి రేణువులు చాలా సన్నం. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకే త్వరగా అడుక్కి దిగవు. పటిక కరిగితే అవి ఒకచోట చేరి ముద్ద కడతాయి. బరువెక్కి దిగిపోతాయి.

పటిక ఒక లవణం. అందులో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేటు ఉంటాయి. నీరు కూడా ఉంటుంది. చూడ్డానికి గాజుముక్కలా ఉన్నా, 100 గ్రాముల పటికలో సుమారు 45 గ్రాములు నీరే! పెనం మీద వేడిచేస్తే కరిగి, బుడగలొచ్చి, తెల్లగా పొంగుతుంది. ఆ నీరు పోవడం వల్లే అలా అవుతుంది.

పటికబెల్లం వేరు. అది పంచదారతో చేసేది. కొట్లో పొట్లం మీద పేరు చదివి తీసుకోండి. ఇప్పుడు మీకు చదువొచ్చు కదా!

ఇక అసలు మాట. పటిక మట్టిని దింపుతుంది. క్రిములు కొన్ని మట్టితోపాటే దిగుతాయి. అన్నీ పోవు. మిగిలినవి కంటికి కనపడవు. వాటివల్ల విరేచనాలు, కలరా, టైఫాయిడ్ వస్తాయి. పసిబిడ్డకి విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు పోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఇలా చెయ్యండి.

1. 20 లీటర్ల బిందెకి చిటికెడు పటికపొడి వేసి కలపండి. ఎక్కువైతే నీళ్లు వగరెక్కుతాయి.

2. గంటసేపు కదపకండి.

3. పైతేటని శుభ్రమైన గుడ్డలో వడపోయండి. అడుగు మడ్డి పారబోయండి.

4. తాగే నీళ్లని కాయండి. సలసల మరిగాక ఒక నిమిషం ఉంచి దించండి.

5. మూత పెట్టండి. చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి.

సముద్రం దగ్గరి ఊళ్లలో కొన్ని బావుల నీళ్లు ఉప్పగా ఉంటాయి. పటిక వేసినా, కాచినా ఆ ఉప్పు పోదు. తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకోవాలి.

"మా అమ్మమ్మ పటిక వేసిన నీళ్లే తాగింది, ఏమైంది?" అని ఎవరైనా అనొచ్చు. పటిక వెయ్యడం తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు. సగం పని పటిక చేస్తుంది. మిగతా సగం పొయ్యి చెయ్యాలి.

ఈ పాఠం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. నీళ్లు తోడుకునే పిల్లలకి ముందు చెప్పండి.