పఠనమందిరమున అఖండదీపము



పల్లెయందు పుస్తకము పట్టువారికి తీరిక చిక్కునది ప్రొద్దు గ్రుంకిన పిమ్మటనే. పగలెల్ల పొలమున నుండు రైతు, మగ్గముకడ నుండు నేతగాడు, పరీక్షకు చదువుకొను బాలిక, వీరందఱును దీపము వెలుగునంతసేపే గ్రంథాలయమునకు చుట్టములు. కరెంటు పోయిన కొంతసేపటికి బల్లలు ఖాళీ యగును. కిరోసిను బుడ్డి వెలిగింత మన్నచో, కాగితముల నడుమ నిప్పు నుంచుట విజ్ఞులు మెచ్చు పని కాదు. కావున కరెంటు పోయినపుడు బ్యాటరీని, వచ్చినపుడు కరెంటును తనంత తానే దీపములకు కలుపు సాధనము కావలయును. అట్టిది దుర్లభము కాదు.

దాని పేరు రిలే. తీగలో విద్యుత్తు ప్రవహించునపుడు దాపున నున్న దిక్సూచి ముల్లు కదలునని 1820లో డెన్మార్కు దేశీయుడగు అయిర్‌స్టెడ్ కనుగొనెను. 1825లో ఇంగ్లండున స్టర్జన్ ఇనుపకడ్డీకి తీగ చుట్టి విద్యుదయస్కాంతమును చేసెను. రిలేకు మూల మదియే. చుట్టలో విద్యుత్తున్నంతవఱకు ఇనుపరేకు లాగబడి యుండును. అది పోయినంతనే స్ప్రింగు రేకును యథాస్థానమునకు త్రిప్పును. ఆ రేకు రెండు వాకిండ్లకు కావలి యున్న తలారి వంటిది. ఒక వాకిలి మూసినగాని రెండవదానిని తెఱవదు. అందువలన కరెంటును బ్యాటరీయు ఒండొంటితో తలపడవు.

ఇక కూర్పు. 230 వోల్టుల కరెంటును 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చు అడాప్టరు, 12 వోల్టుల సీసపు బ్యాటరీ, 12 వోల్టుల ఎల్.ఇ.డి. దీపములు కావలయును. రిలే నడిమి కొనను దీపములకు, చుట్ట లాగినపుడు తాకు కొనను అడాప్టరునకు, ఊరక యున్నపుడు తాకి యుండు కొనను ఫ్యూజు ద్వారా బ్యాటరీకి కలుపవలెను. చుట్టను మాత్రము అడాప్టరునకే కలుపవలెను.

పలువురు తప్పటడుగు వేయునది ఇచ్చటనే. చుట్టను దీపముల వైపు కలిపిరేని, కరెంటు పోగానే బ్యాటరీయే చుట్టకు బలమిచ్చును. రేకు కరెంటు వాకిలికి పోవును. అచట విద్యుత్తు లేమిచే మరల వెనుకకు వచ్చును. ఇట్లు టకటకలాడుచు దీపములు మినుకుమినుకుమనును. సక్రమముగా కలిపినచో బ్యాటరీపై రిలే భారము లేశమును పడదు.

లెక్క చూతము. 9 వాట్ల దీపములు నాలుగైనచో 36 వాట్లు. 12 వోల్టులకు 3 ఆంపియర్లు. 40 ఆంపియర్‌గంటల బ్యాటరీలో సగమే వాడుకొన్నను 20 ఆంపియర్‌గంటలు, అనగా ఆఱు గంటలకు పైగా వెలుతురు. సగమే యేల? సీసపు బ్యాటరీని మాటిమాటికి అడుగంట పిండినచో పలకలు చెడి, ఆయుస్సు తఱుగును. జమ లేని ఖర్చు ఎంతటి సంసారమునైనను కూల్చును గదా! వాడిన దానిని నిండగానే తగ్గించుకొను చార్జరుతో మరల నింపవలెను.

230 వోల్టుల వైపు పని తెలిసిన ఎలక్ట్రీషియనుకే విడువవలెను. బ్యాటరీని గాలి యాడు తావున నుంచవలెను. చార్జి యగునపుడు మండు స్వభావము గల హైడ్రోజను వెడలును. నీరు పోయు రకమైనచో స్వేదనజలమునే పోయవలెను. నెలకొకసారి మెయిను ఆపి, దీపములు మాఱుచున్నవో లేదో చూచి, తేదీతో పుస్తకమున వ్రాసికొనుట మేలు.

గుడిలో అఖండదీపమునకు నూనె పోయువాడు ఒకడుండును. గ్రంథాలయ దీపమునకును అట్టి శ్రద్ధాళువు ఒకడున్నచో, బాలిక తెఱచిన పుట నడుమ మూయబడదు.

స్వస్తి.