పాత్ర – పాత్రత



సంధ్యావందనానికి కూర్చుంటే ఎదుట పంచపాత్ర, ఉద్ధరిణె. వంటయింట ఇత్తడి పాత్ర. నాటకంలో హరిశ్చంద్ర పాత్ర. సభలో సన్మానపాత్రుడు. ఒక్క శబ్దం ఇన్ని తావుల ఎట్లా ఒదిగింది?

ధాతుపాఠంలో ‘పా’ ధాతువు రెండు గణాలలో కనబడుతుంది. భ్వాదిలో త్రాగుట, అదాదిలో రక్షించుట దాని అర్థాలు. దానిపై ష్ట్రన్ ప్రత్యయం చేరగా ‘పాత్ర’ సిద్ధించింది. దేనితో త్రాగుదుమో అది పాత్ర. తనలో పోసినదానిని ఒలికిపోనీయక కాపాడునదీ పాత్రయే. పతనం నుండి త్రాణం చేయునది పాత్రమని పౌరాణికులు చెప్పే నిర్వచనం వ్యాకరణానికి ఒదగదు గాని, వినడానికి సొంపుగా ఉంటుంది.

అమరసింహుడు భాజనానికే గాక, నది రెండు తీరాల నడిమి చోటుకు కూడా పాత్రమని పేరు చెప్పాడు. మన గోదావరి పుట్టిన మహారాష్ట్ర దేశంలో నేటికీ నదీగర్భాన్ని పాత్ర అనే వ్యవహరిస్తారు. గట్లే అంచులుగా గల గిన్నె అన్నమాట!

యజ్ఞశాలలో ఈ మాట మరింత విస్తరించింది. మోదుగుకొయ్య జుహువు, రావికొయ్య ఉపభృత్తు నేతిని ధరించే గరిటెలు గనుక వాటిని పాత్రలనడం సహజం. మరి స్ఫ్యమో? చండ్రకొయ్యతో కత్తివలె చేసిన సాధనం అది. దానిపై బొట్టు నీరు నిలువదు. అయినా అదీ యజ్ఞపాత్రమే. కర్మకు సాధనమైతే చాలు, పాత్రమయింది. ఆహితాగ్ని గతించినప్పుడు జుహువును కుడిచేత, ఉపభృత్తును ఎడమచేత ఉంచి అతని అగ్నులతోనే దహిస్తారు. జీవితమంతా దేవతలకు ఆజ్యం అందించిన పాత్రలు చివరకు తామే ఆహుతి అవుతాయి.

నటుని విషయంలో కాశ్మీర దేశీయులైన అభినవగుప్తాచార్యుల మాట చాలా లోతైనది. మద్యం రుచి త్రాగేవానికే గాని పాత్రకు తెలియదు. అట్లే రసాస్వాదం ప్రేక్షకునిది. నటుడు దానికి ఉపాయం మాత్రమే. అందుకే అతనిని పాత్రమన్నారని వారి వివరణ.

ఇక దానం. సంస్కృతంలో ఎంతటి విద్వాంసుడైనా ‘పాత్రం’ అని నపుంసకలింగమే. ‘పాత్రుడు’ అని మహద్వాచకం చేసుకున్నది మన తెలుగువారు. విద్య ఒక్కటి చాలదు, తపస్సు ఒక్కటి చాలదు, ఆ రెంటికీ సదాచారం తోడైన చోటనే పాత్రత అని యాజ్ఞవల్క్యస్మృతి. దేశకాలపాత్రాలు ఎరిగి ఇచ్చినది సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయం. ఈ వాక్యాలు పట్టుకొని అన్నదానశాల గుమ్మంలో నిలబడి “వీడు పాత్రుడేనా?” అని అడిగేవారు ఉన్నారు. నాకు అది బాధ కలిగిస్తుంది. భూమిని, గోవును, సువర్ణాన్ని ఇచ్చేటప్పుడు అడగవలసిన ప్రశ్న అది. అన్నం దగ్గర పెద్దలు వేరే లెక్క చెప్పారు: ఆకలిగొన్నవాడే పాత్రం. కులగోత్రాలు, విద్య, ఆచారం విచారించే పని అక్కడ లేదు.