ఒకే కారు – రెండు బాటలు

వారమునకు ఐదు దినములు ఉద్యోగమునకు కొనిపోవలెను. ఆరవనాడు పందెపు బాటపై పరుగెత్తవలెను. ఆ సాయంకాలమే చెక్కుచెదరక ఇల్లు చేర్చవలెను. ఒక్క కారు ఇన్ని పనులు చేయగలదా? అమెరికాలో ఈ ప్రశ్న వింతయైనది కాదు. అచ్చటి పందెపు బాటలపై పోటీలు లేని దినములలో క్లబ్బులవారు రుసుము గైకొని, సామాన్యులను తమ సొంత కార్లు నడుపుకొననిత్తురు. క్రొత్తవాని ప్రక్కన శిక్షకుడు కూర్చుండుట వాడుక. కాలిఫోర్నియాలోని లగూనా సేకా అట్టి బాటలలో నొకటి. అచ్చట ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు యువకులలోను ఈ అభిరుచి గలవారున్నారు. కావున ఇచ్చటి తల్లిదండ్రులకు సైతము దీనిని గూర్చి కొంత తెలిసియుండుట మేలు.

క్రొత్త స్పోర్ట్సు కారుకు సొమ్ము చాలనివారు ముప్పది, నలువది ఏండ్లనాటి కార్లను వెదకుదురు. అట్టివానిలో తరచుగా వినవచ్చు మూడింటిని మేము ఈ ప్రసంగమునకు ఎన్నుకొంటిమి.

మొదటిది మాజ్డా మియాటా. 1989లో వెలువడినది. ఇంజను 1.6 లీటర్లు; బరువు వేయి కిలోలకు లోపు; శక్తి 116 అశ్వములు మాత్రమే. ముందు ఇంజను, వెనుక చక్రములకు చోదనము. దీని ఇంజనులోని టైమింగు బెల్టు తెగినచో కారు ఆగిపోవును గాని, లోపలి వాల్వులు పిస్టనులకు తగిలి విరుగవు. తొలి రెండేండ్ల కార్లలో కొన్నింటికి క్రాంకుషాఫ్టు ముందుకొన బలహీనముగా నుండెను. కొనువారు దానిని పరీక్షింపవలెను.

రెండవది పోర్షె 944. 1982 నుండి 1991 వరకు తయారైనది. 2.5 లీటర్ల ఇంజను ముందును, గేరుబాక్సు వెనుకను ఉండుటచే బరువు ముందువెనుకలకు ఇంచుమించు సమానముగా పంపిణీయైనది. అందుచే వంపులలో దాని నడక నెమ్మదిగను, నమ్మదగినదిగను ఉండును. కాని దీని బెల్టు తెగినచో వాల్వులు పిస్టనులను తాకి వంగిపోవును. బెల్టు ఎప్పుడు మార్చిరో తెలుపు రసీదు లేని 944ను కొనువారు, ఆ మార్పిడి వ్యయమును కూడ వెలలో చేర్చుకొనవలెను.

మూడవది బి.ఎం.డబ్ల్యు. ఎం3లో రెండవ తరము. 1995 నుండి 1999 వరకు అమెరికాలో అమ్మబడిన దానికి 240 అశ్వశక్తి గలదు. వెనుక మనుష్యులు కూర్చుండదగిన ఆసనములున్నవి. సంసారికిది ఆకర్షణ. అయితే బరువు 1,400 కిలోలకు పైబడును. రేడియేటరులోని ప్లాస్టిక్కు భాగములు వయసుతో పెళుసెక్కి పగులును. నీరు కారిపోయి ఇంజను వేడెక్కినచో అల్యూమినియపు తల వంకరపోవును.

వీనిలో ఏది మేలైనది? అశ్వశక్తిని చూచి నిర్ణయించువారు మూడవదానిని కోరుదురు. కాని పందెపు బాటపై మొదట అలసిపోవునది ఇంజను కాదు, బ్రేకులు. గంటకు 100 కిలోమీటర్ల వేగమును 140 చేసినచో, ఆగుటకు బ్రేకులు మ్రింగవలసిన శక్తి ఇంచుమించు రెట్టింపగును. కారు బరువెక్కిన కొలదియు ఆ భారము పెరుగును. తేలిక కారుకు బ్రేకులును, టైర్లును ఎక్కువకాలము వచ్చుటకు కారణమిదియే.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 అను రకము క్రొత్తదిగా నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని ఓర్చును. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగజారవచ్చును. అప్పుడు నూనె మరగి ఆవిరి పుట్టును; పెడలు నేలకంటును; కారు ఆగదు. ఎన్నో యేండ్ల నూనెతో బాటకు పోవుట ప్రాణములతో చెలగాటము. అది కొద్దిపాటి ఖర్చుతో తప్పించుకొనదగిన ప్రమాదము.

ఇక, రెండు బాటల అవసరములు ఒకటి కావు. పందెపు బ్రేకు ప్యాడ్లు వేడెక్కిన పిమ్మటనే బాగుగా పట్టును. చలి ఉదయమున వీధిలో పిల్లవాడు అడ్డు వచ్చినప్పుడు అవి పనికిరావు. మియాటా వంటి టాపు తీయు కార్లకు తలపై రక్షణకమ్మి ఉండవలెనని పెక్కు క్లబ్బుల నియమము. శిరస్త్రాణము లేక వీధిలో నడుపునప్పుడు ఆ కమ్మియే తలకు గట్టిగా తగులవచ్చును; దానికి మెత్త తప్పనిసరి. పందెపు బాటపై జరిగిన నష్టమునకు సామాన్యమైన భీమా పత్రములు పెక్కు వర్తింపవు. కొనుటకు ముందే ఆ పత్రమును చదువవలెను.

మా అభిప్రాయము సంగ్రహముగా నిది: నేర్చుకొనువానికి మియాటా. దాని స్వల్పశక్తి తప్పును దాచదు, తప్పుచేసినవానిని వెంటనే దండింపదు. పిల్లలుగలవానికి ఎం3, అయితే చల్లార్చు యంత్రాంగమంతయు ముందుగా మార్పించవలెను. పనిముట్లు చేతబట్టి తన కారును తానే బాగుచేసికొను ఓర్పుగలవానికి 944. ఏది కొన్నను చేతిలోని సొమ్మంతయు వెలగా చెల్లింపరాదు. మూడింట నొకవంతు బ్రేకులకు, టైర్లకు, బెల్టులకు నిలువయుంచవలెను. ఆ నిలువ మిగులని కారు ఎంత అందమైనదైనను మనకు తగినది కాదు. అంతకంటె చిన్నదానిని వెదకికొనుటయే వివేకము.